బొమ్మకంటే ముందు మేళం

ముందే మన్నించమని అడుగుతున్నాను. నా రాతలో ఒత్తు ఉండాల్సిన చోట లేకపోవచ్చు, గుడి పెట్టాల్సిన చోట దీర్ఘం పడి ఉండవచ్చు. నలభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఇప్పటికీ ఒక్కో అక్షరాన్ని పెనం మీద అట్టు తిప్పినట్టు చూసి చూసి తిప్పుతాను, అందుకే పేజీ నిండేసరికి పూట గడిచిపోతుంది. నేను రాయబోయేది ఒక్క గంట సంగతి. రెండు వేల మూడు మే నెలలో మా తిరువూరు కల్యాణ మండపంలో కరెంటు లేని గంట. ఆ గంట రాయడానికి నాకు చైత్రం నుంచి శ్రావణం దాకా పట్టింది. అప్పుడు మనసు ఏ దారిన పోయిందో ఆ దారినే రాశాను, ముందు వెనకలు సర్దలేదు. సర్దడమే నా పని అయినా సర్దలేదు.

కరెంటు పోయింది. పైన ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించి రెక్కలు లెక్కపెట్టుకోగలిగేంతగా తిరిగి ఆగిపోతున్నాయి, తెర మాత్రం ఇంకా వెలుగుతోంది, బల్ల కింద యూపీఎస్ పెట్టె పిట్టలాగా కీచుమంటోంది, కంపెనీ మనిషి దేవానందంగారు మెళ్ళో టై ఎగురుతుండగా పరిగెత్తుకొచ్చి "సేవ్ చెయ్యండమ్మగారూ, సేవ్, సేవ్!" అంటున్నారు. నేను అప్పటికే చేసేశాను. ఆయన చూడలేదు, చూడకపోవడమే మంచిదయింది. తెర మీద మా మరిది కూతురు అర్చన పెళ్ళి ఆగి ఉంది. పురోహితుడు కొబ్బరిబోండాం మీద మంగళసూత్రాలు పెట్టుకుని అందరి చేతా తాకించుకుని తిరిగి వచ్చేశాడు, పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు, వేళ్ళ మధ్య పసుపుతాడు ఉంది, ఇంకొక్క నిమిషం ఉంటే కట్టేసేవాడు. దేవానందంగారు మీట నొక్కి అంతా ఆపేశారు. తెర నల్లబడింది. ఆ నలుపులో బూడిదరంగు చీరలో ఒక బోసి నుదురు కనబడుతోంది. నాదే. నేను పెళ్ళివేదిక మీద కూర్చుని ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా ఎన్ని పెళ్ళిళ్ళకు వచ్చానో ఈ మండపానికి, ఈ నాలుగు మెట్లు మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కిస్తే ఇదిగో ఇలా ఎక్కించారు, ముందు బల్ల, బల్ల మీద కంప్యూటరు, హాల్లో వాళ్ళకు కనబడేలా పక్కన ఒక పెద్ద తెర, వెనక గుడ్డ మీద పెద్ద రంగు అక్షరాలతో ఆ కంపెనీ పేరు.

మే నెలలో పదకొండింటికి పోయిన కరెంటు పన్నెండింటికి గాని రాదు. మండపానికి జనరేటరు ఉంది, కాని పెళ్ళికైతేనే డీజిలు పోస్తామన్నాడట వాచ్‌మన్. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో గంపలగూడెం నుంచి, ఎ.కొండూరు నుంచి, విస్సన్నపేట నుంచి వచ్చిన స్టూడియోల వాళ్ళు కరపత్రాలతో విసురుకుంటున్నారు. ఫోటో వీడియోగ్రాఫర్ల సంఘం వాళ్ళు పెట్టిన ప్రదర్శన ఇది. గోడల వెంట బల్లలు, బల్లల మీద కెమెరాలు, గొడుగుల్లాంటి లైట్లు, గాజు అట్టల ఆల్బములు. వేదిక మీద మాత్రం పెళ్ళి క్యాసెట్లు కంప్యూటరులో కూర్చే సాఫ్ట్‌వేర్, దాన్ని అమ్మడానికి హైదరాబాదు నుంచి వచ్చిన దేవానందంగారు. "ఏం సార్, మీ సాఫ్ట్‌వేర్‌లో కరెంటు కూడా వస్తుందా, అది వేరేగా కొనుక్కోవాలా?" అని గంపలగూడెం మనిషి ఒకాయన అరిచాడు. హాలంతా నవ్వింది. దేవానందంగారు కూడా నవ్వారు. "వచ్చే వెర్షన్‌లో పెడతామండి" అన్నారు. ఆయన నవ్వే తీరు నాకు నచ్చింది. పొద్దున్న కూడా అంతే నవ్వారు పాపం, బొమ్మను అద్దంలోలాగా తిప్పి చూపించే విద్య ఒకటి ఉందని ఒక తెలుగు పెళ్ళి తిప్పి చూపించినప్పుడు. పెళ్ళికూతురి పైట కాస్తా కుడిభుజం మీదికి వచ్చేసింది. "పైట కుడివైపు వేశావేంటయ్యా, మార్వాడీల పిల్లా?" అని ఒకరు, "తాళి కూడా ఎడమచేత్తో కట్టిస్తావా?" అని ఒకరు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నాకు చర్చి పెళ్ళే తెలుసండి, ఉంగరం ఏ వేలికి పెట్టినా ఎవరూ నన్ను కొట్టలేదు" అన్నారు. అప్పుడే నన్ను వేదిక మీదికి పిలిచారు.

పిలిచి ఆయన అన్న మాటలు ఇంకా హాల్లోనే ఎక్కడో తిరుగుతున్నట్టున్నాయి. ఈ అమ్మగారు పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నారండి, నెల క్రితం దాకా మౌసు ముట్టుకోలేదండి, ఇవాళ మీ ముందు పెళ్ళి ఎడిట్ చేస్తారండి, ఆవిడ చెయ్యగలిగింది మీరు చెయ్యలేరా అండి. మొదటిది నిజం. రెండోది అబద్ధం. ఆ అబద్ధం శంకరం కూర్చాడు. శంకరం అంటే ఉమాశంకర్, మా మరిది కొడుకు, బస్టాండు దగ్గర మేడ మీద స్టూడియో వాడిదే. ఈ డెమో బాగా జరిగితే చుట్టుపక్కల మండలాలకు వాడినే ఏజెంటుగా పెట్టుకుంటామన్నారు. "పెద్దమ్మా, నువ్వు కొంచెం తడబడుతూ చెయ్యి. మొదట తప్పు మీట నొక్కు. తరువాత సర్దుకో" అని రాత్రి నాకు నేర్పాడు. చెయ్యడం కాదు, చెయ్యలేకపోవడం నేర్పాడు. సరేనన్నాను. వాడికి మంచి జరుగుతుందంటే నేను ఎందుకు కాదంటాను. కాని నేను మౌసు పట్టుకోగానే ముందు వరసలోంచి హనుమయ్యగారు లేచారు. సంఘానికి అధ్యక్షుడు, నల్లగుడ్డ ముసుగేసుకుని ఫోటోలు తీసే రోజుల నుంచి ఉన్న మనిషి. "అమ్మా, నువ్వు తప్పుగా అనుకోకు" అన్నారు. "ఏయ్ శంకరం, మంగళసూత్రం కట్టే బొమ్మ మీద పెద్దమ్మ చేత చెయ్యి పెట్టిస్తావంట్రా? రేపు పెళ్ళివారికి తెలిస్తే మనందరి స్టూడియోలూ ఎక్కుతారా?" శంకరం వెంటనే లేచి, "అబ్బే, ఇవాళ ఒక్కరోజే బాబాయ్, ఊరికే డెమోకి. మన క్యాసెట్లన్నీ నేనేగా చేసేది" అన్నాడు. కరెంటు అప్పుడు పోయింది.

మన క్యాసెట్లన్నీ నేనేగా చేసేది. ఆ మాట వాడు చులాగ్గా అనేశాడు, మంచినీళ్ళు తాగినంత చులాగ్గా. నాలుగేళ్ళుగా స్టూడియో వెనకగదిలో, పచ్చకర్టెను అవతల, తిరువూరు పెళ్ళిళ్ళు, పెనుగొలను పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు నా చేతి మీదుగానే వెళ్ళాయి. ఎవరికీ తెలియదు. కస్టమర్లు వస్తే కర్టెను దించుతాం. క్యాసెట్టు తీసుకుంటూ వాళ్ళు శంకరాన్ని మెచ్చుకుంటుంటే కర్టెను ఇవతల నేను విని సంతోషిస్తాను, నిజంగానే సంతోషిస్తాను. తొంభై తొమ్మిదిలో ఆ కంప్యూటరు కొన్న కొత్తలో కాఫీ ఇవ్వడానికి వెళ్ళి నిలబడ్డాను. వాడు అప్పగింతలు ముందు పెట్టి తలంబ్రాలు తరువాత పెట్టాడు. "ఏడ్చి వెళ్ళిపోయిన పిల్ల మళ్ళీ వచ్చి తలంబ్రాలు పోస్తోందేంట్రా?" అన్నాను. "అయితే నువ్వే కూర్చుని చెప్పు పెద్దమ్మా" అన్నాడు. కూర్చుని చెప్పాను. వారం తిరిగేసరికి చెప్పడం కంటే చెయ్యడమే తేలిక అనిపించింది. మౌసును మొదటిరోజు గాల్లోకి ఎత్తి తెరకేసి చూపించాను, అది నవ్వొచ్చే సంగతే. ఇంగ్లీషులో అందరూ ఏ నుంచి మొదలుపెడతారు, నాకు మొదట వచ్చిన అక్షరం జెడ్. కంట్రోలు పట్టుకుని జెడ్ నొక్కితే చేసిన తప్పు చెయ్యనట్టే అయిపోతుంది. మొదటిసారి నొక్కిన రోజు ఒక పెళ్ళి ఊరేగింపంతా పొరపాటున తుడిచేశాను. బెదిరిపోయి కూర్చుంటే శంకరం వచ్చి జెడ్ నొక్కాడు, ఊరేగింపు, బ్యాండు, దీపాలతో సహా తిరిగి వచ్చింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మీరు నవ్వుతారేమో. యాభై మూడేళ్ళ వయసులో, జరిగిపోయింది జరగనట్టు తిరిగి రావడం కళ్ళతో చూసిన మనిషికి అన్నం ఎట్లా సహిస్తుంది?

ఆ యంత్రం నాకు చూపించినవి ఒకటా రెండా. పెళ్ళి అంటే రెండు రోజులు కదా, దాన్ని ఒక పట్టెడలాగా పరిచి చూపిస్తుంది. ఇక్కడ స్నాతకం, ఇక్కడ జీలకర్ర బెల్లం, అక్కడ కొసకు అప్పగింతలు. కాలం ఎప్పుడూ నా వెనకనుంచి వచ్చి నన్ను దాటుకుని పోయేది, దాన్ని ఇట్లా పడుకోబెట్టి, పైనుంచి చూస్తూ, ఇక్కడ వేలు పెట్టి అక్కడ వేలు పెట్టి చూడవచ్చని మా వంశంలో ఎవరికి తెలుసు. శబ్దాన్ని కూడా చూశాను. బొమ్మ కింద ఒక సన్నటి గీత పోతూ ఉంటుంది, మనిషి మాట్లాడితే చిన్న గట్లు, మంత్రాలు చదివితే దువ్వెన పళ్ళు, గట్టిమేళం మోగితే ఒక్కసారిగా కొండ. డోళ్ళూ సన్నాయీ అన్నీ ఒకేసారి ఎత్తుకుంటే ఆ గీత కొండలాగా లేచి తెర పైకి తగులుతుంది. చెవిటివాళ్ళు కూడా చూసి మేళం మోగిందని చెప్పగలరు. ఇంకా ఒకటి. సెకను అంటే గడియారం ఒకసారి టిక్కుమనడం అనుకునేదాన్ని. కాదట, ఇరవై అయిదు బొమ్మలట. బాణం గుర్తు మీట ఒకసారి నొక్కితే ఒక్క బొమ్మ జరుగుతుంది. పెనుగొలను వాళ్ళ పెళ్ళి ఒకటి చేస్తూ నేను ఆ మీట నొక్కుకుంటూ కూర్చున్నాను, ముడి ఎక్కడ పడుతుందో చూద్దామని. ఈ బొమ్మలో దారాలు వదులుగా ఉన్నాయి. తరువాతి బొమ్మలో ముడి ఉంది. వెనక్కి వెళితే లేదు. ముందుకు వెళితే ఉంది. మధ్యన ఏముంది? మధ్యన ఇంకో బొమ్మ లేదు. ఒక పిల్ల పెళ్ళికాని పిల్లగా ఉన్న బొమ్మకూ పెళ్ళయిన పిల్లగా ఉన్న బొమ్మకూ నడుమ వెంట్రుకవాసి కూడా లేదు. అది ఎక్కడ జరిగినట్టు? మా ఆయన శ్రీరాములుగారు పెనుగొలనులో కొట్లో కూర్చుని కందిపప్పు తూస్తున్నారు, నేను గుమ్మంలో నిలబడి పాలవాడితో మాట్లాడుతున్నాను, తక్కెడ పళ్ళెం కిందికి దిగింది, మనిషి దానితోపాటే ముందుకు వాలిపోయారు. ఎనభై ఒకటి, ఆషాఢం. పళ్ళెం దిగిన బొమ్మలో నేను ముత్తైదువును. తరువాతి బొమ్మలో కాను. నడుమ ఏమీ లేదు. ఆ మీట నొక్కుతూ నొక్కుతూ నాకు భయం వెయ్యలేదు, ఏడుపు రాలేదు, గుడిలో గర్భాలయం తలుపు తీసినప్పుడు లోపలి చీకటి చూసి చేతులు వాటంతటవే జోడవుతాయే, అట్లా అయింది.

చెమట మెడ మీదినుంచి జారుతోంది. శంకరం గోలీసోడా పట్టుకుని మెట్లెక్కాడు. బల్ల వెనక నా పక్కన గొంతుక్కూర్చున్నాడు, కింది వాళ్ళకు కనబడకుండా. "పెద్దమ్మా, దిగిపోతావా? నేను చేసేస్తాను. నీకు ఒంట్లో బాగోలేదని చెబుతా" అన్నాడు. "బాగానే ఉందిగా" అన్నాను. "అది కాదు. హనుమయ్య బాబాయ్ మాట ఊళ్ళోకి పోతుంది. వైశాఖం బేరాలన్నీ మన దగ్గరే ఉన్నాయి. నువ్వే చేస్తున్నావని తెలిస్తే..."  వాడు చెడ్డవాడు కాదు. జ్వరమొస్తే నా తడిగుడ్డే కావాలనేవాడు, ఇప్పటికీ అంతే. వాళ్ళమ్మ శివపార్వతి ఎ.కొండూరు బడిలో టీచరు, పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి వచ్చేది. వీడినీ అర్చననూ నేనే నడిపించాను. "మరి ఆయన డెమో?" అని దేవానందంగారి వైపు చూపించాను.  ఏజెన్సీ కావాలి, కర్టెను కూడా ఉండాలి. రెండూ కావాలి వాడికి. "అయితే తడబడు పెద్దమ్మా. బాగా తడబడు. ఎవరికీ అనుమానం రాకూడదు" అని వెళ్ళిపోయాడు. సోడా తాగాను. చేతివేళ్ళను చూసుకున్నాను. తడబడటం ఎట్లాగా అని ఆలోచించాను. పక్కకు పోవాల్సిన చోట పైకి పోవాలి, రెండుసార్లు నొక్కాల్సిన చోట ఒకసారి నొక్కి బిక్కమొహం పెట్టాలి. ఆరిపోయిన తెర ముందు బల్ల మీద మౌసును అటూ ఇటూ జరిపి చూశాను. అంత కష్టమైన పని నేను ఇదివరకు చెయ్యలేదు.

అర్చన నాకు అక్షరాలు నేర్పినప్పుడు కూడా తడబడ్డాను, అది నిజం తడబాటు. తొమ్మిదో తరగతిలో ఉంది, చదువురాని వాళ్ళు ఒక్కరికైనా నేర్పాలని బళ్ళో చెప్పారట. పలక తెచ్చి నా ముందు పెట్టి కింది పెదవి పంటితో నొక్కిపట్టుకుని, నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి తిప్పించేది. "పెద్దమ్మా, అది బ. కడుపులో ఎందుకు గీత పెట్టావు?" అని కసిరేది. ఫిబ్రవరిలో దాని పెళ్ళి ఈ మండపంలోనే అయింది. ఈ వేదిక మీదే. ఇదిగో నా కుర్చీ ఉన్న చోట పీటలు ఉండి ఉంటాయి. ఉండి ఉంటాయి అంటున్నాను, ఎందుకంటే నేను చూడలేదు. బయటివాళ్ళ బేరాల మధ్య దాని క్యాసెట్టు కూడా ఇవాళ్టిదాకా మొదలుపెట్టలేదు. సామాన్ల గది తాళం నా దగ్గర ఉంది. ముహూర్తం దగ్గరపడుతుంటే శివపార్వతి వచ్చి, "అక్కయ్యా, కాసేపు లోపలే..." అని ఊరుకుంది. నేను ముందే లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను, ఆమె చేత ఆ మాట పూర్తిగా అనిపించడం ఎందుకని. బియ్యం బస్తా మీద కూర్చున్నాను. అరటిగెలల వాసన, నేతి డబ్బాల వాసన. గోడ అవతల పురోహితుడు గొంతెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అన్నాడు, డోళ్ళు ఎత్తుకున్నాయి, గోడ అదిరింది, నేను బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి నా తలుపు మీదే వేశాను. ఇరవై ఏళ్ళుగా నాకు పెళ్ళంటే అదే. ముందు మేళం వినబడుతుంది. ఓహో, కట్టేశాడన్నమాట. ఆ తరువాత ఎప్పటికో తలుపు తీస్తే బొమ్మ.

అందుకే నేను చేసే పెళ్ళిళ్ళన్నింట్లో మేళం ముందు వస్తుంది. వేరే వాళ్ళందరూ ముడి వేసే బొమ్మ మీద సినిమా పాట పెడతారు, పూలు కురిపిస్తారు, హృదయం ఆకారంలో తెర తెరుస్తారు. నేను పాట పెట్టను. మేళాన్ని పట్టుకుని ఒక ఆమడ ముందుకు లాగుతాను. బొమ్మ ఇంకా వేరేచోట ఉంటుంది, వంటవాళ్ళు చేతులు తుడుచుకుంటున్న చోటనో, చెప్పులు విప్పిన చోటనో, వెనక వరసలో ఎవరో పసిపిల్లను జోకొడుతున్న చోటనో. వాళ్ళ మీద మేళం మోగుతుంది, వాళ్ళు తలెత్తుతారు, అప్పుడు వేదిక కనబడుతుంది, అప్పుడు ముడి. దానికేదో పేరు ఉందని దేవానందంగారి దగ్గరున్న పుస్తకంలో బొమ్మ చూసి తెలుసుకున్నాను. నాకు పేరుతో పని లేదు. కిందటేడు హనుమయ్యగారి మనవరాలి పెళ్ళి క్యాసెట్టు మా స్టూడియోకే ఇచ్చారు, ఆయనకు కంప్యూటరు లేదు కనక. అందులో స్తంభం చాటున ఒక ముసలావిడ నిలబడి ఉంది, ఆయన అక్కగారట, నా లాంటి మనిషే. పెళ్ళివారు చీటీలు రాసి ఇస్తుంటారు, మేనమామ ఎక్కువసేపు కనబడాలి, ఫలానా ఆవిడను తీసేయాలి అని. తీసేయాలన్న ఆవిడ ఎప్పుడూ నా లాంటి మనిషే. తీసేదాన్ని. ఎంతమందిని తీశానో. కత్తెర బొమ్మ నొక్కడమే, ఆవిడ ఉన్న ముక్క పోతుంది, అటూ ఇటూ అతుక్కుంటుంది, అక్కడొక మనిషి ఉన్నట్టే తెలియదు. హనుమయ్యగారు మాత్రం చీటీ రాయలేదు, మరిచిపోయారో ఏమో. స్తంభం చాటు ఆవిడ మీద నేను మేళం మోగించాను. ఆవిడ చప్పుడు విని రెండు చేతులూ ఎత్తి గాల్లోకే అక్షింతలు వేసింది, ఖాళీ చేతులతో. తరువాత వేదిక. హనుమయ్యగారు స్వయంగా మేడెక్కి వచ్చి, "శంకరం, ఆ ఒక్కచోట నా గుండె పట్టేశావురా. మా అక్కయ్య రోజూ పెట్టించుకుని చూస్తోంది" అన్నారు. కర్టెను ఇవతల నేను విన్నాను. అప్పుడు కూడా సంతోషమే. మరి ఇవాళ ఎందుకు ఇట్లా ఉంది?

దేవానందంగారు కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నారు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. "ఏలూరులో వాన, ఖమ్మంలో మైకు పాడైంది, ఇక్కడ కరెంటు. నేనెక్కడికెళితే అక్కడ ఏదో ఒకటి వస్తుందండి నాతోపాటు" అన్నారు. నేను అడిగాను, "అబద్ధమని తెలిస్తే మీరు అమ్మేది అమ్ముడుపోదా బాబూ?" ఆయన నా వైపు చూశారు, మళ్ళీ కిందికి చూశారు. "ఏది అబద్ధమండీ?" అన్నారు. చెప్పాలా? "నెల క్రితం నేర్చుకోలేదు" అన్నాను.  "ఇందాక సేవ్ కొట్టారు కదా, నేను వచ్చేలోపే" అన్నారు మెల్లగా. "చూశానండి. ఈ పని పదేళ్ళుగా చేస్తున్నవాళ్ళకే చెయ్యి అట్లా పోతుంది. ఎవరినీ అడగలేదు, మీ అబ్బాయి ఏం చెప్పమంటే అదే చెప్పాను." చూశాడన్నమాట. నాలుగేళ్ళలో నా చెయ్యి చూసిన మొదటి మనిషి. "మీ ఇష్టం అమ్మగారూ. దిగినా నేనేమీ అనుకోను" అని లేచి వెళ్ళిపోయారు. దిగవచ్చు. నాలుగు మెట్లు. తడబడనూవచ్చు. దిగితే హనుమయ్యగారి మాట నిజమవుతుంది, తడబడితే శంకరం మాట నిజమవుతుంది. నా మాట అంటూ ఒకటి ఎక్కడైనా ఉందా అని వెతుక్కున్నాను. ఆ నల్ల తెరలో లేదు. లోపల ఉంది, ఆ పెట్టెలో, ఆగిపోయిన వేళ్ళ దగ్గర, పసుపుతాడు దగ్గర. అర్చన పెళ్ళి నేనింకా చూడలేదు.

ఫ్యాన్లు కదిలాయి. హాలంతా ఓ అని అరిచింది. దేవానందంగారు పెట్టె వెనక గుచ్చిన, అది లేనిదే సాఫ్ట్‌వేర్ తెరుచుకోని చిన్న తాళంలాంటి ముక్కను ఒకసారి గట్టిగా నొక్కి చూసి, మీట నొక్కి, నన్ను చూసి తప్పుకున్నారు. తెర వెలిగింది, నా మొహం పోయింది, పట్టెడ పరుచుకుంది. కింద కొండ. గట్టిమేళం కొండ. శంకరం గోడకానుకుని నిలబడి కళ్ళతో చెబుతున్నాడు, తడబడు, తడబడు. తడబడదామనే మౌసు పట్టుకున్నాను, అది ఒట్టు. తప్పు చోటుకు తీసుకెళ్ళాను కూడా. కాని నా చెయ్యి అక్కడ ఆగలేదు. నడిచే మనిషిని కుంటమంటే ఒకటి రెండు అడుగులు కుంటుతాడు, తరువాత మరిచిపోతాడు. చెయ్యి మరిచిపోయిందని నాకు తెలిసింది, ఆపవచ్చు, ఆపలేదు. మేళాన్ని పట్టుకుని ముందుకు లాగాను. ఇప్పుడు దాని మీదికి ఒక బొమ్మ కావాలి. క్యాసెట్లో వెనక్కి వెళ్ళాను. కెమెరా కుర్రాడు ముహూర్తానికి ముందు ఊరికే తిరిగాడు, భోజనాల బల్లలు, తడి విస్తళ్ళు, చేతులు కడిగే పంపు, దాని పక్కన మూసి ఉన్న ఒక తలుపు. నీలం రంగు తలుపు. గొళ్ళేనికి తాళం వేలాడుతోంది, వెయ్యలేదు. వాడికది ఉత్త తలుపు, మూడు సెకన్లు తీసి కెమెరా తిప్పేశాడు. డెబ్భై అయిదు బొమ్మలు. డెబ్భై అయిదింటినీ కోసి తెచ్చి మేళం మీద పెట్టాను. అతికాను. నడిపించాను.

పెద్ద తెర మీద మూసిన తలుపు. ఎవరూ లేరు. గట్టిమేళం మోగింది, హాలు నిండా మోగింది, తలుపు అట్లాగే ఉంది. మొదటి వరసలో కబుర్లు ఆగాయి. వెనక వరసలో ఒకాయన మెడ తిప్పి భోజనాల వైపు చూశాడు, తరువాత ఇంకొకరు, తరువాత చాలామంది. ఆ నీలం తలుపు వాళ్ళ వెనకే ఉంది. అంతలో తెర మీద వేదిక వచ్చింది, ముడి పడింది. నేను చూశాను. అర్చన కింది పెదవిని పంటితో నొక్కిపట్టుకుని ఉంది, పలక మీద నాకు అక్షరం దిద్దించేటప్పుడు ఎట్లా ఉండేదో అట్లా. మొదటి ముడి, రెండు, మూడు. ఇంత పెద్ద పని ఇంత చిన్న పిల్ల మెడ వెనక జరిగిందా అనిపించింది.  పక్కన ఎవరున్నారో, ఎదురుగా ఎవరున్నారో తెలియలేదు.

హనుమయ్యగారు మెట్లెక్కి వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఆ తలుపు వెనక ఎవరమ్మా?" అన్నారు.

"నేనేనండి. సామాన్ల దగ్గర ఉన్నాను" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి ఆ నీలం తలుపు వైపు చూశారు. "మా మనవరాలి పెళ్ళిలో, మా అక్కయ్య మీద మేళం వేసింది?"

శంకరం వైపు చూడకుండా చెప్పాను. "అదీ నేనేనండి. నాలుగేళ్ళుగా అన్నీ నేనేనండి."

"నెల క్రితం నేర్చుకున్నారన్నారుగా సార్?" అని గంపలగూడెం మనిషి కింద నుంచి అరిచాడు. దేవానందంగారు టై వదులు చేసుకుంటూ, "తప్పు చెప్పానండి, నన్ను కొట్టండి" అన్నారు. ఈసారి ఎవరూ పెద్దగా నవ్వలేదు. శంకరం గోడ దగ్గరే తలవంచుకుని చెప్పుతో నేల రాస్తున్నాడు. తరువాత కొన్ని పెళ్ళిళ్ళవాళ్ళు మా మేడ మెట్లు ఎక్కడం మానేశారు, వాడు నాతో వారం రోజులు ముభావంగా ఉన్నాడు, ఆ పైన పచ్చకర్టెను వాడే విప్పి ఉతకడానికి వేసి మళ్ళీ కట్టలేదు. అవన్నీ తరువాతి సంగతులు. అప్పుడు మాత్రం హనుమయ్యగారు ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నా పక్కన, తెరకు దగ్గరగా కూర్చున్నారు. కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. యాభై ఏళ్ళు ఈ పనిలో ఉన్న మనిషి, బడిపిల్లవాడిలాగా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నారు.

"కొంచెం వెనక్కి లాగమ్మా. ఆ శబ్దం ఎక్కడ ఎత్తుకున్నావో నేను చూడాలి."

లాగాను. మూడో ముడి విడిపోయింది. రెండోది విడిపోయింది. మొదటి ముడి కూడా విడిపోయి పసుపుతాడు పెళ్ళికొడుకు వేళ్ళలోకి తిరిగి వెళ్ళిపోయింది. గాల్లో ఉన్న అక్షింతలన్నీ గింజ గింజా వెనక్కి ఎగిరి ఎవరి గుప్పెట్లోకి వాళ్ళవి చేరుకుంటున్నాయి. హనుమయ్యగారు తెరకేసి ఇంకొంచెం వంగారు, నేనూ వంగాను.

"ఎక్కడ ఆపమంటారండీ?" అని అడిగాను.

బాలామణి, వయసు అరవై రెండు. ఇప్పుడు ఉంటున్నది తిరువూరులోనే, బస్టాండు దగ్గర స్టూడియో ఉన్న మేడ మీద.